డేగ కోటు ఎవరికి?

జూన్ 4, మంగళవారం

నిన్నే అడుగుతున్నాను, జవాబు చెప్పు: తొడుక్కుని తొడుక్కుని ఒంటికి అతుక్కుపోయిన కోటును విప్పి ఇంకొకరి భుజాల మీద వెయ్యాల్సి వస్తే, ఎవరి భుజాలు వెతుకుతావు? తల గోక్కోకు. నేలచూపులు చూడకు. ఈ పేజీ చదివేది నేనొక్కడినే గనుక నన్ను నేనే నిలదీస్తున్నాను. చెప్పు!

సంగతి ఇది. పొద్దున షాపులో ఒక పంపు మోటారు విప్పి, కాలిపోయిన కాయిలు లాగుతున్నాను. మా బావమరిది స్కూటరు స్టాండు కూడా వెయ్యకుండా గోడకి ఆనించి లోపలికి ఉరికాడు. సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపేది వాడే. ఏ కబురైనా ముందు వాడి చెవిలో పడుతుంది, అక్కణ్ణుంచి తిన్నగా నా చెవిలో.

"బావా! కూర్చున్నావా, నిలబడ్డావా?"

"కళ్ళు కనపడట్లేదా? కూర్చున్నాను."

"అయితే లేచి నిలబడు. డేగ దిగిపోయాడు."

నిలబడ్డాను. రాగితీగ చేతిలోనే ఉండిపోయింది.

డేగ! నల్లకోటు వేసుకుని శత్రువు ఇంటి పైకప్పుల మీద నడిచే గూఢచారి. లోపలి రహస్యం పట్టుకుని, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు వీధిలో నడిచిపోతాడు. నా పెళ్ళికి ముందు నుంచీ ఆ వేషం ఒక్క నటుడిదే. ఇప్పుడాయన మోకాళ్ళు మొరాయిస్తున్నాయట. కోటు ఇంకెవరికైనా ఇచ్చుకోండి అన్నాడట. సినిమా కంపెనీవాళ్ళు ఇద్దరిని అనుకుని, ఎవరు కావాలో హాళ్ళలో జనాన్నే అడుగుతారట.

ఒకడు సింహం. గుమ్మం దగ్గర గొంతు విప్పితే హాలు పైరేకులు అదిరే నటుడు. అసలు పేరు అందరూ మర్చిపోయారు, సింహం అంటే చాలు. రెండోవాణ్ణి మా వాళ్ళు మూగాయన అంటారు. గుమస్తా, పోస్టుమాన్, పెళ్ళికూతురు తండ్రి, ఇలా రెండు మాటలకి మించని వేషాలు ఆయనవి. ఏ సినిమాలో చూశామో ఎవరికీ గుర్తుండదు.

"ఈ శనివారం కాదు, పై శనివారం మన హాల్లో పాత డేగ సినిమా వేస్తాం. ఆటకి ముందు చర్చ. ఇటు ఒకరు, అటు ఒకరు మాట్లాడాలి. తర్వాత పెట్టెలో చీటీలు. మూగాయన తరఫున సెలూన్ ఆయన ఇప్పటికే పేరిచ్చాడు."

"సింహం తరఫున?"

"గొంతున్నవాడు కావాలి బావా. ఈ చుట్టుపక్కల నీకంటే గొంతున్నవాడెవడు?"

వాడు నన్ను ఉబ్బిస్తున్నాడని తెలుసు. అయినా ఉబ్బాను. సాయంత్రం, ఆదివారాలు సంఘంలో నిలబడి చెప్పే గ్రంథం తెరిచాను. పొలం దున్నుకుంటున్న పడుచువాడి మీద ముసలి ప్రవక్త తన దుప్పటి వేసిన చోటు. ఎర్ర పెన్సిలుతో గీత కొట్టాను. విసిరాడు! మెల్లగా కప్పలేదు, విసిరాడు! చర్చ ఇక్కడినుంచే మొదలుపెడతాను.

గొంతు కొంచెం బొంగురుగా ఉంది. మోటార్లకి పూసే వార్నిష్ పొగ వల్ల.

జూన్ 5, బుధవారం

గొంతు బాగానే ఉంది. సింహం సినిమాలన్నీ మళ్ళీ చూడాలి. పనిగా చూడాలి, సరదాకి కాదు.

జూన్ 7, శుక్రవారం

మా ఆవిడ పోరు పడలేక గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, నా గొంతును తెర మీద చూపించింది. నేను తెర మీద కనపడడం ఇదే మొదటిసారి. ఏమంత అందంగా లేను.

"ఇదిగో, ఈ బొడిపె చూశారా? కోసి తీసెయ్యాలి. ప్రాణభయం లేదు. కానీ ఆపరేషన్ దాకా గుసగుసలు కూడా వద్దు. తర్వాత మాట వస్తుంది, ఇంట్లో మాట్లాడుకునేంత. ప్రసంగాలు మాత్రం ఇక మర్చిపోండి."

"మెల్లగా ప్రసంగిస్తే డాక్టరుగారూ?" అంది మా ఆవిడ.

"ఈయనా? మెల్లగానా?"

ఇద్దరూ నా ముఖం చూసి నవ్వుకున్నారు. నాకు నవ్వే అనుమతి కూడా లేదు.

డాక్టర్లు ఒకటికి రెండు చెబుతారు. సింహం విషయానికొస్తే, ఆయనకున్న అసలు బలం తలుపు బద్దలు కొట్టడంలో లేదు. తలుపు బద్దలు కొట్టే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబడతాడు చూడు, అందులో ఉంది. ఇది చర్చలో తప్పకుండా చెప్పాలి. ఆ ఊపిరి ఎలా బిగబట్టాలో జనానికి చేసి చూపించాలి.

జూన్ 9, ఆదివారం

ప్రసంగించాను. ఎందుకు ప్రసంగించకూడదు? పదిమంది వేగులవాళ్ళు భయపడి తిరిగొస్తే, భయపడని ఇద్దరు జనం ముందు కేక వేసిన అధ్యాయం తీశాను. డేగను కూడా మధ్యలోకి తెచ్చాను. వెనక బెంచీలో నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు! ఆఖర్న గొంతు పగిలింది. నా నోట్లోంచి వచ్చిన చప్పుడు బేరింగు అరిగిన మోటారు చప్పుడు. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వలేదు. అదే నాకు నచ్చలేదు.

అందరూ వెళ్ళాక గార్డుగారు కుర్చీలు మడతపెడుతూ నా దగ్గరికి వచ్చాడు. రైళ్ళలో గార్డుగా చేసి దిగిపోయిన మనిషి, సంఘంలో నాకంటే పెద్ద.

"తమ్ముడూ, పుస్తకం ఎవరి చేతుల్లో పెడతావు?"

మాకు జీతం తీసుకునే బోధకుడు లేడు. షాపుల్లో, ఆఫీసుల్లో పని చేసుకునే మనుషులమే నిలబడి చెబుతాం. నిలబడేవాడు దిగిపోయినప్పుడు, తాను గీతలు కొట్టుకున్న గ్రంథాన్ని అందరి ముందూ ఇంకొకరి చేతుల్లో పెడతాడు. ఎవరి చేతుల్లో పెడితే ఇక నిలబడేది వాళ్ళే. దానికి ఓట్లు లేవు, చర్చ లేదు, వెనక్కి తీసుకోవడం లేదు.

"ఎవరి చేతుల్లోనూ పెట్టను. వచ్చే ఆదివారం కూడా నేనే నిలబడతాను," అన్నాను. అన్నానో, గాలి వదిలానో.

"మీ అమ్మాయి ఉందిగా? పిల్లలకి కథలు చెబుతుంటే బయట నిలబడి విన్నాను. బాగా చెబుతుంది."

"అది చెబితే మొదటి బెంచీకే వినపడదు అన్నగారూ."

"నేను మొదటి బెంచీలో కూర్చోలేదుగా తమ్ముడూ. కిటికీ బయట నిలబడి విన్నాను."

నా వైపే చూస్తూ కుర్చీ మడతలో తన వేలు పెట్టుకున్నాడు, పెద్దాయన. జాగ్రత్త అని కూడా అనలేకపోయాను.

జూన్ 11, మంగళవారం

మాట్లాడకూడదు గనుక మాట్లాడకుండా జుట్టు కత్తిరించుకుని రావాలని సెలూన్‌కి వెళ్ళాను. అంతే అనుకుని వెళ్ళాను. కుర్చీలో కూర్చోగానే సెలూన్ ఆయన నా మెడకి గుడ్డ బిగించి, అద్దంలోంచి మొదలుపెట్టాడు.

"బోధకుడుగారూ, గూఢచారి అంటే ఎవడండీ? ఎవరూ గుర్తుపట్టనివాడు. మీ సింహం శత్రువు ఇంట్లో దూరితే గేటు దగ్గర వాచ్‌మన్ ఫోటో దిగుతానంటాడు."

వెనక బెంచీ మీద వాళ్ళు పగలబడి నవ్వారు. ఎవడు ఊరుకుంటాడు?

"మీ మూగాయన వెళ్తే? కరెంటు బిల్లు ఇచ్చిపోవడానికి వచ్చాడనుకుంటారు!"

"అబ్బ! అదే కదండీ నేను మొత్తుకునేది! గేటు తీశారుగా!"

సెలూన్ మొత్తం చప్పట్లు. కత్తెర కూడా నన్ను చూసి నవ్వినట్టే ఉంది. నేను గుడ్డ లాగి పడేసి లేచాను. సింహం ఊపిరి గురించి చెప్పాను. కోటగోడల చుట్టూ తిరిగి జనం కేక వేస్తే గోడలు కూలిన సంగతి చెప్పాను. కేక అంటే ఎలా ఉంటుందో చూపించాను. కేక సగంలో తెగిపోయింది. నోరు తెరిచే ఉంది, చప్పుడు లేదు. అద్దంలో సగం కత్తిరించిన తలతో ఒక మనిషి నోరు తెరిచి నిలబడ్డాడు.

సెలూన్ ఆయన వెంటనే ఫ్యాను తగ్గించి నీళ్ళిచ్చాడు. "కూర్చోండి గురువుగారూ, రెండో వైపు కూడా చేసేస్తాను," అన్నాడు. మంచివాడే. అభిప్రాయాలే తప్పు.

జూన్ 12, బుధవారం

నోరు తెరిస్తే గాలి.

జూన్ 13, గురువారం

మెరుపులాంటి ఆలోచన! గొంతు లేకపోతే ఏం? చేతులు లేవా? ప్రసంగం మొత్తం రాసి పారేశాను. ప్రవక్త దుప్పటి, బిగబట్టిన ఊపిరి, కూలిన గోడలు. చదవడానికి ఒక నోరు కావాలి, అంతే. బావమరిది పనికిరాడు, రెండో వాక్యానికే జోకు వేస్తాడు. గార్డుగారికి కళ్ళజోడు సమస్య. మా అమ్మాయే మిగిలింది.

అది అంబులెన్సు కాల్ సెంటర్‌లో పని చేస్తుంది. జనం ఫోన్ చేసి ఏడుస్తారు, అరుస్తారు. ఇది అడ్రసు కనుక్కుని, బండి వచ్చేదాకా ఏం చెయ్యాలో చెబుతుంది. ఇంటికొచ్చాక అసలు మాట్లాడదు.

పలక మీద రాసి చూపించాను: శనివారం నా బదులు నువ్వు చదవాలి.

కాగితాలు తీసుకుని నిలబడే చదువుకుంది.

"నాన్నా, నీకు సింహమే ఎందుకు?"

రాశాను: వినపడాలి.

"వినపడితే పట్టుకుంటారుగా?"

పలక తుడిచేశాను. జవాబు దొరక్క కాదు. సుద్ద అయిపోవచ్చింది.

"సరే, చదువుతా. ఒక్క అక్షరం మార్చను. కానీ చదివాక, నాకేమనిపించిందో అది కూడా చెప్తా. ఒప్పుకుంటావా?"

దానికేమనిపిస్తుంది, ఒక్క ముక్క అంటుంది, కూర్చుంటుంది అనుకున్నాను. సరే అని పెద్ద అక్షరాలతో రాశాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "ఏమండీ, చదవకుండా సంతకం పెట్టినట్టున్నారు," అంది.

జూన్ 14, శుక్రవారం

రేపు సింహానిదే. పుస్తకం సంగతి తర్వాత చూద్దాం.

జూన్ 16, ఆదివారం, తెల్లవారుజాము

రాయాలి. చెయ్యి ఆగడం లేదు. ఇంట్లో ఇంకా ఎవరూ లేవలేదు.

నిన్న సాయంత్రం హాలు నిండిపోయింది. మెట్ల మీద కూడా జనం. సింహం అభిమానులు డప్పులు తెచ్చారు, మూగాయన అభిమానులు ఏమీ తేలేదు. తేకపోవడమే మా పద్ధతి అన్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నారు. సెలూన్ ఆయన ముందు మాట్లాడాడు. వాచ్‌మన్ ఫోటో మాట చెప్పాడు, కరెంటు బిల్లు మాట కూడా చెప్పి అది నాదేనని నా వైపు చెయ్యి చూపించాడు. హాలంతా నవ్వింది. లేచి దండం పెట్టాను, ఏం చెయ్యను?

తర్వాత మా అమ్మాయి వేదిక ఎక్కింది. యూనిఫాం మీదే వచ్చింది, డ్యూటీ నుంచి తిన్నగా. నేను వేదిక పక్కన స్టూలు మీద ఉన్నాను. బావమరిది పై గదిలోంచి మైకు పెంచాడు, అది కీచుమంటే మళ్ళీ తగ్గించాడు. డప్పులవాళ్ళు ఊగిపోతున్నారు.

చదవడం మొదలుపెట్టింది. ఎవరికీ వినపడలేదు.

చెప్పానా, మొదటి బెంచీకే వినపడదని చెప్పానా! పెంచు, గొంతు పెంచు అని చేతులు ఊపాను. నన్ను చూసింది. పెంచలేదు. ఆగింది కూడా లేదు. ఫోనులో ఎవరో ఏడుస్తుంటే ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడుకుంటూ పోయింది.

అప్పుడు జరిగింది. మధ్య వరసలో ఎవరో పెద్దావిడ "ఆ డప్పులు ఆపండ్రా, పిల్ల ఏదో చెప్తోంది" అంది. డప్పులు ఆగాయి. ఇంకెవరో "ఆ ఫ్యాన్లు కూడా కట్టెయ్యండి" అన్నారు. ఈ ఎండల్లో! కట్టేశారు! ఒక్కొక్క ఫ్యానూ తిరిగి తిరిగి ఆగింది. హాలంతా చెమటలు కారుతున్నా, ఎవరూ కదల్లేదు. నా జన్మలో ఎప్పుడైనా నా కోసం ఎవరైనా ఫ్యాను కట్టేశారా? నేను ఫ్యాన్ల మీదుగా అరిచేవాణ్ణి.

నా ప్రసంగం ఒక్క అక్షరం మార్చకుండా చదివింది. సింహం గర్జిస్తే కోటలు బీటలువారతాయి అన్న వాక్యాన్ని, మందు రోజుకి ఎన్నిసార్లు వేసుకోవాలో చెప్పినట్టు చదివింది. అలా వింటే నాకే అనుమానం వచ్చింది, ఎందుకు బీటలువారతాయి అని.

కాగితాలు మడిచింది.

"ఇది మా నాన్న మాట. ఇప్పుడు నా మాట. మా నాన్న ఒప్పుకున్నారు." నా వైపు చూసింది. హాలంతా నా వైపు చూసింది. తల ఊపాను. పలక మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చినవాణ్ణి నేనే కదా.

"మా నాన్న కోటగోడలు కూలిన కథ చాలా బాగా చెప్తారు. మా ఇంట్లో గోడలు కూడా భయపడతాయి." నవ్వులు. "కానీ ఆ గోడలు కూలకముందు ఇద్దరు గూఢచారులు ఆ ఊళ్ళోకి వెళ్ళారు. ఒక ఆడమనిషి వాళ్ళని మేడ మీద, ఆరబెట్టిన జనుప కట్టెల కింద దాచింది. రాజు మనుషులు వచ్చి తలుపు బాదారు. ఆ కథలో తలుపు బాదింది ఎవరో గుర్తు పెట్టుకోండి, వెతికేవాళ్ళు. దొరకనివాళ్ళు చప్పుడు చెయ్యలేదు. ఆవిడ తలుపు తీసి, వచ్చారు, వెళ్ళిపోయారు, ఇప్పుడే వెళ్తే దొరుకుతారు అని మామూలుగా చెప్పింది. ఆ గొంతు కొంచెం వణికినా ముగ్గురి ప్రాణాలు పోయేవి. నన్నడిగితే ఆ కథలో పెద్ద గూఢచారి ఆవిడే."

ఊపిరి తీసుకుంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. సింహం బిగబట్టేది కూడా అంత బాగుండదు.

"నాకు రోజూ అరిచేవాళ్ళే ఫోన్ చేస్తారు. వాళ్ళకంటే గట్టిగా అరిస్తే వాళ్ళకేమీ వినపడదు. మెల్లగా మాట్లాడితే, వినడం కోసం వాళ్ళే ఆగుతారు. అందుకే నా చీటీ మూగాయనకి."

దిగిపోయింది. చప్పట్లు వచ్చాయి, రేకులు అదిరేలా వచ్చాయి! డప్పులవాళ్ళే ముందు కొట్టారు. సింహం డప్పులు!

నాకు కోపం వచ్చింది. అబద్ధం రాయను. ఆ అధ్యాయం ఎన్నిసార్లు చెప్పాను! ప్రతిసారీ గోడలు కూలే చోటికి తొందరపడేవాణ్ణి. ఆ మేడ మీద ఒక్క నిమిషం ఆగలేదు. నా గ్రంథంలో ఆ పేజీ నిండా ఎర్రగీతలే, ఆ నాలుగు వాక్యాల కింద తప్ప. ఇంటికొచ్చి చూశాను. తెల్లగా ఉన్నాయి.

మా హాల్లో మూగాయన గెలిచాడు. సెలూన్ ఆయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఏం గురువుగారూ, సొంత ఇంట్లోనే గూఢచారిని పెంచారు!" బావమరిది పైనుంచి దిగి, "బావా, నిజం చెప్పు, నీ చీటీ ఎవరికి?" అని పలక నా ముందు పెట్టాడు. నేను పలక తిప్పేశాను.

ఇక్కడ రాస్తాను. మూగాయనకి. చీటీ మీద ఆ పేరు కింద గీత కూడా కొట్టాను, ఆనందంతో కొట్టాను, ఇంకేదీ కాదు. సరే, కొంచెం ఇంకేదో కూడా.

వెలుగు వచ్చింది. పక్క గదిలో ఇస్త్రీ పెట్టె చప్పుడు. ఆదివారం కూడా అమ్మాయికి డ్యూటీ ఉంది, ప్రార్థనకి ముందే బస్సెక్కి వెళ్ళిపోతుంది. ఒక్క మాట చెబితే డ్యూటీ మార్చుకుంటుంది. చెప్పాల్సింది నేను.

వచ్చే వారం పెట్టొచ్చు కదా పుస్తకం? ఆపరేషన్ అయ్యాక? గొంతు ఏమైనా తిరిగొస్తుందేమో చూసి? ఒకవేళ డాక్టరమ్మ పొరబడి ఉంటే?

సిగ్గుపడు, బోధకుడా! ఎవరి కోటు ఎవరికివ్వాలో ఊరంతా తిరిగి తేల్చావు. సెలూన్లో తేల్చావు, సినిమా హాల్లో తేల్చావు. నీ ఒంటి మీద కోటు ఉందని మాత్రం నీకు గుర్తు రాలేదా? మోకాళ్ళు పోయిన నటుడికి తెలిసింది ఎప్పుడు విప్పాలో. ప్రవక్తకి తెలిసింది. నీకెందుకు తెలియదు? ఇవాళ గార్డుగారు నీ వైపు చూస్తాడు. అందరూ నీ వైపు చూస్తారు. ఖాళీ నోరు తెరుచుకుని ఆ అద్దంలో మనిషిలా నిలబడతావా?

ఇస్త్రీ పెట్టె ఆగింది.

గ్రంథం బల్ల మీదే ఉంది. ఎర్ర పెన్సిలు కూడా దాంతోనే ఇచ్చెయ్, నీ కూతురు గీసుకోవాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. మాట అక్కర్లేదు. చేతుల్లో పెడితే అర్థమవుతుంది, తర్వాత అందరి ముందూ ఇంకోసారి పెడుదువు గాని.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. లే! వచ్చే వారం లేదు, ఆపరేషన్ తర్వాత లేదు, ఇవాళే. ఈ కలం కింద పడేసి లే. అది మెట్లు దిగకముందే లే!